గ్రౌండు, పీడీ సారు, రైలు చార్జీ: మన కాలేజీ టీముల కథ



పోయిన వారం ఎరువుల అంగడి కాడ కూర్చుని ఉంటే పక్క ఊరి తమ్ముడు నాలుగు కాలేజీల పాంప్లెట్లు నా చేతిలో పెట్టినాడు. "అన్నా, మా పిల్లోడు ఇంటర్ పాసైనాడు. కబడ్డీ బాగా ఆడతాడు. డిగ్రీకి యాడ చేర్పించేది?" అని అడిగినాడు. నాలుగూ తిరగేసినా. డిజిటల్ బోర్డు, బస్సు, హాస్టలు, కంప్యూటర్ ల్యాబు అన్నీ రాసినారు. గ్రౌండు అనే మాట ఒక్కదాంట్లో కూడా లేదు.

ఇంటికి వచ్చినాక కూడా అదే ఆలోచన. అందుకే ఈసారి శెనక్కాయ ధర గురించి, బోరు గురించి కాకుండా మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క కాలేజీ టీముల చరిత్ర రాస్తున్నా. పోస్టు పొడుగైంది. రాత్రి మోటారుకు కరెంటు కోసం కాచుకునేటప్పుడు చదువుకోండి.

ముందే చెబుతున్నా. మన చిన్న కాలేజీలు గెలిచిన కప్పుల లెక్క చెప్పడానికి ఈ పోస్టు రాయలేదు. కాలేజీ టీము అంటే ఏంది, అది ఏ ఆధారం మీద నిలబడుతుంది, ఎందుకు పడిపోతుంది, ఇదే నా మాట. నేను చూసినంతలో దానికి మూడు కాళ్లు: ఒకటి గ్రౌండు, రెండు పీడీ సారు, మూడు చార్జీ డబ్బులు. ఒక కాలు విరిగినా ముక్కాలిపీట నిలబడదు.

మన ముత్తాతల కాలంలో జిల్లాకంతా ఒకటే కాలేజీ. 1916లో అనంతపురంలో పెట్టిన దత్తమండల కాలేజీ. ఇప్పుడు మనం ఆర్ట్స్ కాలేజీ అంటున్నది దాన్నే. రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి గారు చదివింది కూడా ఆడనే. దానికి ఒక ఏడాది ముందు, 1915లో, అనిబిసెంటమ్మ మదనపల్లెలో దివ్యజ్ఞాన కాలేజీ పెట్టించింది. హిందూపురం పిల్లోడు మెట్రిక్ అయినాక చదవాలంటే రైలెక్కి ఒక పక్క బెంగళూరుకు పోవాల, లేదంటే ఇంకో పక్క అనంతపురానికి పోవాల. సేద్యగాళ్ల ఇండ్లల్లో అంత దూరం పంపే స్తోమత ఎంతమందికి ఉండేదో మీకు చెప్పనక్కర లేదు.

ఆ కాలంలో ఆటలు రెండు రకాలు. ఊర్లో ఆడేటివి చెడుగుడు, సాము, గరిడీ, గుండు ఎత్తేది. కాలేజీలో ఆడేటివి క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాలు, టెన్నిస్. దొరల ఆటలు కాలేజీ గేటు లోపల, మన ఆటలు గేటు బయట. ఊర్లో దమ్ము పట్టి చెడుగుడు ఆడేటోడు కాలేజీకి పోతే ఏమీ రానోడి కింద లెక్క. బ్యాటు కొనే ఇంటి పిల్లోడే ఆటగాడు.

ఈ గేటు తెరుచుకోవడానికి రెండు సంగతులు కారణం. మొదటిది డ్రిల్లు మాస్టార్లకు చదువు రావడం. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ అనే అమెరికా ఆయన వైఎంసీఏ తరఫున వ్యాయామ విద్య కాలేజీ మొదలుపెట్టినాడు. మన దేశంలో అట్లాంటిది అదే మొదటిది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి పోయిన జట్టుకు ఆయనే మేనేజరు. అంతకుముందు బడిలో డ్రిల్లు మాస్టారంటే లెఫ్ట్, రైట్ చెప్పించే మనిషి. ఆటను శాస్త్రంగా నేర్చుకుని వచ్చి పిల్లోళ్లకు నేర్పించే మనిషి అనే కొత్త ఉద్యోగం ఇట్లాంటి కాలేజీల వల్లనే పుట్టింది. బడిలో పీఈటీ, కాలేజీలో పీడీ అని మనం పిలిచేది ఆ ఉద్యోగాన్నే.

రెండోది చెడుగుడు కబడ్డీగా మారడం. ఊరుకొక తీరుగా ఉండే ఆటకు 1920ల్లో మహారాష్ట్ర వాళ్లు నిబంధనలు రాసుకున్నారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ జరిగినప్పుడు మహారాష్ట్రలోని అమరావతి వ్యాయామశాల వాళ్లు ఆడ ఆడి చూపించినారు. 1950లో అఖిల భారత కబడ్డీ ఫెడరేషన్ వచ్చింది. గీత గీసి, కొలత పెట్టి, ఏడుగురు లోపల, మిగిలినోళ్లు బయట అని లెక్క రాసినాక, కాలేజీలు దాన్ని ఆటగా ఒప్పుకున్నాయి. మగోళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంతే జాగ. బ్యాటు వద్దు, బూట్లు వద్దు. ఎర్రమట్టి జల్లించి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి చదును చేస్తే చాలు. ఆ పని మన పిల్లోళ్లకు ఒకరు నేర్పాల్నా?

అట్లనే బాల్ బ్యాడ్మింటన్. తంజావూరు పక్క పుట్టిన ఆట, పసుపు ఉన్ని బంతి, పక్కకు ఐదుమంది. గాలికి చెదిరిపోయే షటిల్ లెక్క కాదు, ఆరుబయట సాయంత్రం పూట ఆడుకోవచ్చు. మన పక్క బడుల్లో, పోలీసు లైన్లలో, ఆఫీసుల వెనకాల రెండు గుంజలు నాటి నెట్టు కట్టి ఆడేవాళ్లను పెద్దోళ్లు బాగా ఎరుగుదురు. కబడ్డీ, ఖోఖో, వాలీబాలు, బాల్ బ్యాడ్మింటన్, ఈ నాలుగూ చిన్న కాలేజీ ఆటలైనాయి. కారణం ఒకటే, ఖర్చు తక్కువ.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. కాలేజీ టీములో ఆడినోడు పైకి పోవాలంటే నిచ్చెన ఒకటి ఉంది. మొదట కాలేజీ టీము. తరువాత యూనివర్సిటీ కింద ఉండే కాలేజీల మధ్య ఇంటర్ కాలేజియేట్ పోటీలు. ఆడ బాగా ఆడితే యూనివర్సిటీ జట్టుకు సెలక్షన్. ఆ జట్టు సౌత్ జోన్‌లో తమిళనాడు, కర్ణాటక, కేరళ యూనివర్సిటీలతో ఆడుతుంది. అది దాటితే అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. వీటిని నడిపే సంస్థ 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా మొదలైంది. ఇప్పుడు ఏఐయూ అంటారు.

ఈ నిచ్చెనలో మొదటి మెట్టు మన ఊర్లో ఉంటుంది. రెండో మెట్టు యాడ ఉంటుంది? యూనివర్సిటీ యాడుంటే ఆడ. మన పిల్లోళ్ల కష్టమంతా ఈ రెండో మెట్టు కాడనే.

మొదట మనది మద్రాసు యూనివర్సిటీ. 1926లో ఆంధ్ర యూనివర్సిటీ వచ్చింది. విశాఖపట్నం మనకు మద్రాసు కన్నా దూరం. మనోళ్లు ఒప్పుకోలేదు. కొద్ది ఏళ్లకే సీమ కాలేజీలు మళ్లీ మద్రాసు కిందకు పోయినాయి. ఆ గొడవల కాలంలోనే, 1928లో, నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అనే పేరు పెట్టమని చెప్పినాయన చిలుకూరి నారాయణరావు గారు. ఆయన మన అనంతపురం కాలేజీలోనే పాఠాలు చెప్పేవాడు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్న మాటల్లో ఒకటి, అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం పెట్టాలని. అది చదువు కోసం, ఉద్యోగాల కోసం అనుకున్నారు. ఆటగాళ్ల కోసం కూడా అని ఆ కాగితం రాసినోళ్లకు తోచి ఉండదు.

1954లో సీమకు యూనివర్సిటీ వచ్చింది, కానీ తిరుపతిలో. శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ. హిందూపురం నుంచి తిరుపతికి ఎట్ల పోవాలో మన నాయిన కాలం వాళ్లను అడగండి. రైలులో ధర్మవరం రావాల. ఆడ దిగి పాకాల బండి ఎక్కాల. కదిరి, మదనపల్లె రోడ్డు, పీలేరు మీదుగా ఊగుకుంటా రెండువందల పైచిలుకు కిలోమీటర్లు. పాకాలలో దిగి మళ్లీ తిరుపతికి ఇంకో బండి. సెలక్షన్‌కు పోయేటోడు రాత్రంతా చిన్న బండిలో కూర్చుని, పొద్దున దిగి, కాళ్లు చాపుకోకముందే కోర్టులోకి దిగాల. తిరుపతి పిల్లోడు ఇంట్లో సద్ది తాగి సైకిల్లో వస్తాడు. ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి ఎవరు గట్టోడు అని చూస్తే తీర్పు ఎట్లుంటుంది?

అట్లా కొన్ని దశాబ్దాలు గడిచినాయి. అనంతపురంలో 1968లో పీజీ సెంటరు పెట్టినారు. అది పెరిగి 1981లో శ్రీ కృష్ణదేవరాయ యూనివర్సిటీ అయింది. మొదట్లో అది క్యాంపస్‌లో చదివేవాళ్లకే. 80ల చివర్లో అనంతపురం, కర్నూలు జిల్లాల డిగ్రీ కాలేజీలు దాని కిందకొచ్చినాయి. పేరు కూడా సరిగ్గా కుదిరింది. కృష్ణదేవరాయలు తెల్లారకముందే లేచి నూనె తాగి, బరువులెత్తి, కుస్తీ పట్టి, గుర్రమెక్కేవాడని ఆ కాలంలో వచ్చిన పోర్చుగీసు ఆయన డొమింగో పేస్ రాసిపెట్టినాడు.

ఎస్‌కే యూనివర్సిటీ మన కాలేజీలకు ఇచ్చింది రెండో మెట్టును దగ్గర చేయడం. ధర్మవరానికి నలభై కిలోమీటర్ల లోపల, పెనుకొండకు డెబ్బై చిల్లర, హిందూపురానికి నూటపది దాకా. పొద్దున బండెక్కి పోయి ఆడి, రాత్రికి ఇంట్లో సంగటి తినొచ్చు. పైగా మూడు ఊర్లూ ఒకే రైలు గీత మీద ఉన్నాయి. హిందూపురం టీము ఎక్కిన పెట్టెలోనే పెనుకొండ టీము ఎక్కుతుంది, ధర్మవరంలో ఇంకో టీము. ఒకరి మీద ఒకరు ఆడబోయేటోళ్లు ఒకరి బుగ్గలు ఒకరు పంచుకు తింటా పోయేది. గెలిచినా ఓడినా అదే రైల్లో వెనక్కి రావాల కదా!

నేను కూడా ఆ రైల్లో పోయినోన్నే. 90ల మొదట్లో ఈ మూడు ఊర్లలో ఒక కాలేజీ తరఫున కబడ్డీ ఆడినా. మా పీడీ సారు పొద్దున ఐదున్నరకు గ్రౌండులో ఉండేవాడు. ఊర్ల నుంచి సైకిల్లో వచ్చే మాకు సొంత డబ్బుతో గుగ్గిళ్లు తెప్పించేవాడు. చార్జీ బిల్లు ఆఫీసులో పాసయ్యేలోపల టోర్నమెంటు ముగిసిపోతుందని, ముందు ఆయనే జేబులో నుంచి పెట్టేది. ఆ డబ్బు ఆయనకు అంతా తిరిగొచ్చిందో లేదో మేము ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గనిపిస్తుంది.

ఆ ఏడాది మా టీములో ఇద్దరికి యూనివర్సిటీ సెలక్షన్‌కు పిలుపు వచ్చింది. ఒకటి నాకు, ఒకటి పక్క ఊరి నా స్నేహితునికి. సెలక్షన్ పెట్టింది శెనక్కాయ పీకే దినాల్లో. మీకు తెలుసు కదా, జూలైలో ఇత్తినది అక్టోబరు, నవంబరులో చేతికొస్తుంది. కాలేజీ పోటీలు కూడా సరిగ్గా అప్పుడే. మా చేన్లో చెట్టు పీకి వామి వేయకుండా పరిచి ఉంది. సాయంత్రానికి తూర్పున మబ్బు పట్టింది. మా నాయిన పోవద్దని ఒక్క మాట అనలేదు. మబ్బు దిక్కు చూసి, నా దిక్కు చూసి, పార తీసుకుని చేన్లోకి పోయినాడు. నేను కూడా ఆయన వెనకాలనే పోయినా.

కాయ తడవకుండా ఇంటికొచ్చింది. యూనివర్సిటీ బనియన్ మాత్రం నాకు రాలేదు. నా స్నేహితుడు పోయినాడు, ఎంపికైనాడు, సౌత్ జోన్ ఆడినాడు. ఆ కాగితంతో స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఇప్పటికీ ఊరికొస్తే ముందు మా ఇంటికే వస్తాడు. నేను పోకపోవడం తప్పని నేను అనుకోను. ఆ రాత్రి ఆ కాయ తడిసి ఉంటే మా చెల్లెలి పెండ్లి ఆగిపోయేది. కానీ మన పిల్లోళ్ల ఆట ఎన్ని దారాల మీద వేలాడుతుందో చెప్పడానికే ఈ సంగతి రాసినా. పట్టు పెంచేవాళ్లకు ఇంకా బాగా తెలుసు. నాలుగో జ్వరం లేచి పురుగులు ఆకు మీద పడి తినే వారం రోజులు ఇంట్లో పిల్లోడు గ్రౌండుకు పోతానంటే ఎవరు పంపిస్తారు?

ఇంకో మార్పు కూడా ఉంది. పాత రోజుల్లో పీయూసీ ఒక ఏడాది, డిగ్రీ మూడేండ్లు ఒకే కాలేజీలో ఉండేది. ఒక పీడీ సారు చేతి కింద పిల్లోడు నాలుగేండ్లు మెలిగేవాడు. 1969 తరువాత ఇంటర్మీడియట్ వచ్చి, జూనియర్ కాలేజీలు వేరైనాయి. ఆటగాడు తయారయ్యే వయసు పదహారు, పదిహేడు. ఆ రెండేండ్లు ఇప్పుడు యాడ పోతున్నాయి? మూడంతస్తుల బిల్డింగులో, పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్స్‌లో. ఆడ గ్రౌండు అంటే స్కూటర్లు నిలబెట్టే జాగ. రెండేండ్లు కూర్చోబెట్టిన పిల్లోన్ని డిగ్రీలో చేర్చి, కబడ్డీ టీము యాడ అని అడిగితే ఎట్ల వస్తుంది? డిగ్రీలో సెమిస్టర్లు వచ్చినాక ఆరు నెలలకొకసారి పరీక్ష. ఖాళీ ఉన్న పీడీ పోస్టుల సంగతి సరేసరి. గ్రౌండు ఉన్న కాడ సారు లేడు, సారు ఉన్న కాడ గ్రౌండు లేదు.

గ్రౌండు ఉంటే ఏం జరుగుతుందో చూడటానికి మనం దూరం పోనక్కర లేదు. అనంతపురంలో ఆర్‌డీటీ వాళ్లనే చూడండి. 1969లో ఈ కరువు జిల్లాకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు పెట్టిన సంస్థ. వాళ్లు కట్టిన క్రీడా గ్రామానికి 2010లో రఫెల్ నాదల్ వచ్చి టెన్నిస్ బడి మొదలుపెట్టి పోయినాడు. 2024 సెప్టెంబరులో శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్ లాంటోళ్లు ఆడ దులీప్ ట్రోఫీ ఆడినారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. నార్పల మండలం బండ్లపల్లి మీకు తెలుసు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని మన్మోహన్ సింగ్ గారు మొదలుపెట్టిన ఊరు. ఆ ఊరి పిల్ల బారెడ్డి అనూష ఆ గ్రౌండులో నేర్చుకుని, 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద ఇండియా తరఫున బౌలింగ్ వేసింది. అదే కరువు, అదే ఎర్రనేల, అదే సంగటి. తేడా ఏందంటే గ్రౌండు, నేర్పించే మనిషి, పోయిరావడానికి ఒక ఆసరా. మళ్లీ అవే మూడు కాళ్లు.

మన జిల్లాలోనే పుట్టపర్తిలో ప్రతి జనవరి 11న సత్యసాయి విద్యాసంస్థల క్రీడోత్సవం జరుగుతుంది. ఆడ కప్పుల కన్నా అందరూ కలిసి చేసే విన్యాసాలదే పెద్దపీట. దాని పద్ధతి వేరు. కానీ ఒకటి గమనించండి, ఏ పద్ధతి అయినా ముందు కొండ కింద అంత పెద్ద స్టేడియం ఉండాల్సి వచ్చింది.

"ఆటతో కడుపు నిండుతుందా" అని అడిగేవాళ్లు ఉంటారు. లెక్క చెబుతా. 2025 మెగా డీఎస్సీలో 3 శాతం స్పోర్ట్స్ కోటా కింద 421 టీచరు పోస్టులు పెట్టినారు. రైల్వే, పోలీసు, బ్యాంకు, తపాలా, వీటిల్లో కూడా ఆటగాళ్లకు దారి ఉంది. యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినోళ్లకు ఇచ్చే కాగితాన్ని కేంద్ర ఉద్యోగాలకు ఫారం-3 అంటారు. యూనివర్సిటీ క్రీడల అధికారి సంతకం ఉండాల. చాలామంది పిల్లోళ్లు ఆడి, మెడల్ మెడలో వేసుకుని ఫోటో దిగి వస్తారు, కాగితం మరిచిపోతారు. పట్టాదారు పాసుపుస్తకం లెక్క దాన్ని భద్రం చేయండి. పదేండ్ల తరువాత దాని విలువ తెలుస్తుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఆసియా క్రీడల్లో మగోళ్ల కబడ్డీ 1990లో వచ్చింది, ఆడోళ్లది 2010లో. ఇరవై ఏండ్లు ఆలస్యం. మన ఇండ్లల్లో ఆ ఆలస్యం ఇంకా తీరలేదు. బిడ్డ పొద్దున గ్రౌండుకు పోతానంటే "నిక్కరు వేసుకుని ఆటలేంది" అనే ముందు బండ్లపల్లి పిల్లను ఒకసారి తలుచుకోండి.

చివరగా మన చేతిలో ఉన్న పని. పిల్లోన్ని చేర్చే ముందు కాలేజీకి పోయి మూడు ప్రశ్నలు అడగండి. గ్రౌండు యాడుంది, చూపించండి. పీడీ సారు ఉన్నాడా, ఆయన పేరేంది. పోయిన ఏడాది ఏ ఏ ఆటలకు టీము పంపినారు, చార్జీ ఎవరిచ్చినారు. ఫీజు గురించి గంట సేపు బేరమాడతాం కదా, దీనికి ఐదు నిమిషాలు చాలు. పదిమంది తల్లిదండ్రులు అడిగితే వచ్చే ఏడు పాంప్లెట్లో గ్రౌండు ఫోటో వస్తుంది.

ఇంకోటి. మన ఊర్లలో ప్రభుత్వ కాలేజీలకు, బడులకు ఉన్న గ్రౌండ్లు పాతకాలం దాతలు, పెద్దోళ్లు మిగిల్చిపోయిన ఆస్తి. ఆ జాగల మీద ఇప్పుడు అందరి కన్నూ ఉంది. సభకు కావాల, సంతకు కావాల, కొత్త ఆఫీసుకు ఒక మూల కావాల. గట్టు మీద ఒక చాలు జరిగితేనే మనం ఊరుకోం. గ్రౌండులో మూలకు మూల పోతుంటే ఎట్ల ఊరుకుంటున్నాం?

ఎరువుల అంగడి కాడ అడిగిన తమ్ముడు నిన్న ఫోను చేసినాడు. పిల్లోన్ని తీసుకుని గ్రౌండు ఉన్న ప్రభుత్వ కాలేజీకి పోయి చూసి వచ్చినాడంట. "బిల్డింగు పాతదే అన్నా, కానీ పిల్లోడు చెప్పులిడిసి కోర్టులో నాలుగు అడుగులేసి చూసినాడు, మట్టి బాగుందన్నాడు" అని చెప్పినాడు. నాకు ఆ మాట చాలు.

మీలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కాలేజీల తరఫున ఆడినోళ్లు ఉంటే ఏ ఏడు, ఏ ఆట, ఎవరి మీద ఆడినారో కింద రాయండి. పాత టీము ఫోటో ఉంటే పెట్టండి. మనం రాసుకోకపోతే మన టీముల చరిత్ర ఎవరూ రాయరు. మీ పీడీ సారు ఇంకా ఉంటే ఈ వారం ఒకసారి పోయి కనబడి రండి. నేను రేపు పోతున్నా, ఒక సంచి పచ్చి శెనక్కాయలు తీసుకుని.